జెట్టీ మీద చెట్టు

గవ్వల దీవుల్లో తెల్లపిట్ట దేనిమీద గుడ్డు పెడితే అది చెట్టు, కనక ఆ పొద్దున జెట్టీ దగ్గర ఓడ కోసం నిలబడ్డ నీలవేణి ఎడమ భుజమ్మీద పిట్ట వాలి గుడ్డు పెట్టగానే, నెలలు నిండిన ఆ మనిషి చెట్టయిపోయింది. లైన్లో ఉన్నవాళ్ళెవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ముందున్నవాళ్ళు మర్యాదగా కాస్త ముందుకి జరిగారు, వెనకున్నవాళ్ళు వెనక్కి జరిగారు, చెట్టు మొదట్లో చెప్పులతో తొక్కకూడదని ఒకావిడ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది కూడాను. ఆశ్చర్యపోయింది నీలవేణి ఒక్కతే. పాపం, ఆ దీవులకి కాపరానికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు.

పక్కనే గొడుగు పట్టుకుని ఆమె మొగుడు కూర్మారావు ఉన్నాడు. అతను గొడుగు మెల్లగా ముడిచి చంకలో పెట్టుకుని, కాస్త వెనక్కి తగ్గి, పెళ్ళాం భుజం కేసి తేరిపార చూశాడు. ఆ చూపులో కంగారు లేదు, ఉద్యోగం ఉంది. అటవీశాఖలో అతను గార్డు. దీవిలో ఉన్న ప్రతి చెట్టుకీ మొదట్లో సున్నం పట్టీ, దాని మీద ఎర్రటి జాజు పట్టీ వేసి, నెంబరు రేకు కట్టేది అతనే.

"బావా, ఇదేటిది? తీసీ," అంది నీలవేణి.

"కదలకు. రేంజరుగారికి కబురెట్టి వస్తాను."

"ఓడ వొచ్చీస్తంది కదా."

"సెట్లకి ఓడేటే," అన్నాడు కూర్మారావు. కోపంగా కాదు, చిన్నపిల్లకి సర్ది చెప్పినట్టు అన్నాడు. అని, ఆమె ట్రంకుపెట్టె తీసి ఎవరి కాలికీ తగలకుండా ఓ పక్కన పెట్టి, ఆఫీసు వైపు వెళ్ళిపోయాడు.

ఆమె ఓడెందుకు ఎక్కాలో చెప్పకపోతే ఈ గొడవకి అర్థం లేదు. కడుపులో బిడ్డ అడ్డం పడి ఉంది. ఆరోగ్యకేంద్రం నర్సు మరియమ్మ పొట్ట తడిమి చూసి, "తలొక పక్క, కాళ్ళొక పక్క ఉన్నాయమ్మా. ఇది నా చేతుల్లో అయ్యే కాన్పు కాదు. కడుపు కోసి తియ్యాలి. ఈ ఓడకే ఆవలొడ్డు పెద్దాసుపత్రికి వెళ్ళిపో," అని మొహం మీదే చెప్పేసింది. దీవుల్లో డాక్టరు లేడు. డాక్టరుగారి కుర్చీ ఉంది, దుమ్ము పడకుండా దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఈ ఓడ తప్పితే మళ్ళీ ఓడ అమావాస్య దాటాకే. అప్పటిదాకా ఆగమంటే కడుపులో బిడ్డ ఆగేది కాదు.

ఇక పిట్ట సంగతి. ముత్తాతల నాడు సిక్కోలు తీరం నుంచి పడవలేసుకుని వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డవాళ్ళకి ఆ పిట్టంటే ప్రాణం. ఒళ్ళంతా మంచు తెలుపు, కళ్ళు మాత్రం కాటుక పెట్టినట్టు నల్లగా ఉంటాయి. మనిషికి భయపడదు. మొహానికెదురుగా వచ్చి, గాల్లో అలాగే ఆగి, ఏమిటి విశేషాలు అన్నట్టు చూసి పోతుంది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని చూడ్డానికి వస్తారు. వచ్చేవాళ్ళకి బస ఉండాలి కదా అని అతిథిగృహం కట్టారు. అతిథిగృహానికి రోడ్డుండాలి కదా అని రోడ్డేశారు. తీరా రోడ్డు మీంచి చూస్తే చెట్లడ్డమొచ్చి పిట్టలు సరిగ్గా కనబడ్డం లేదని తేలింది. సరేనని చెట్లు కొట్టేశారు.

ఈ సంగతి పిట్టకి ఎవరూ చెప్పలేదు. అది ఎప్పట్లాగే తన రుతువుకి తను వచ్చింది. దానికి గూడు కట్టే అలవాటు లేదు. బోడి కొమ్మ మీద కాస్త గుంటలా ఉన్నచోట ఒకే ఒక్క గుడ్డు పెట్టి కూర్చోవడం దాని తరహా. కొమ్మలు లేవు గనక వీధిదీపం స్తంభం మీద పెట్టింది. అటవీశాఖవాళ్ళకి అప్పటికే పైనుంచి అక్షింతలు పడుతున్నాయి, మీ దీవుల్లో చెట్లేవయ్యా అని. రేంజరు త్రినాథరావుగారు ఆ స్తంభం కింద నిలబడి చాలాసేపు ఆలోచించారు. తెల్లపిట్ట చెట్టు మీద తప్ప గుడ్డు పెట్టదు, ఇది శాస్త్రం. ఇప్పుడు దీని మీద పెట్టింది. మనం అబద్ధమాడొచ్చు గాని పిట్ట ఆడదు కదా. కాబట్టి ఇది చెట్టు. పైవాళ్ళు ఈ వాదంలో తప్పు పట్టలేకపోయారు. ఆ లెక్కన బడిగంట వేలాడదీసే కొయ్య, నీళ్ళ ట్యాంకు మెట్లు, చౌరస్తాలో చెయ్యెత్తి నిలబడ్డ విగ్రహం, ఒక్కొక్కటే చెట్లయ్యాయి. పచ్చదనం పెరిగినందుకు ఆ ఏడు శాఖకి ఓ కప్పు కూడా వచ్చింది.

మనుషుల్లో మొదటి చెట్టు పోస్టుమాస్టరు భూషణంగారు. ఆయన పని చేసేటప్పుడు కదలరు, పని లేనప్పుడు అసలే కదలరు. కిటికీ పక్కన కూర్చుని కునుకు తీస్తుంటే పిట్ట వచ్చి నెత్తి మీద గుడ్డు పెట్టింది. కుర్చీతో సహా ఎత్తి బయట నాటారు. పిట్టపిల్ల ఎగిరిపోయాక ఆయన లేచి ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నారు గాని, చెట్టుకి అన్నం ఎవరు వడ్డిస్తారు? కాసేపు కూర్చుని, తిరిగొచ్చి పోస్టాఫీసు ముందు తన చోట తను నిలబడ్డారు. నీలవేణి కాపరానికొచ్చిన కొత్తలో ఆయన్ని చూసి హడలిపోయింది. తర్వాత తర్వాత అలవాటైంది. సంతనుంచి వస్తూ చెయ్యి నొప్పి పుడితే, సంచీ ఆయన మోచేతికి తగిలించి కాసేపు ఆగేది. చెప్పొద్దూ, నీడ బాగానే ఉండేది.

రేంజరుగారు వచ్చారు. పెద్దమనిషి, మాట నెమ్మది, ఎవర్నీ కసురుకోరు. నీలవేణి భుజాన్ని ముందునుంచీ వెనకనుంచీ చూసి, గుడ్డు మెడ వంపులో దొర్లకుండా కుదురుకుందని తృప్తిపడ్డారు. ఆమెతో మాట్లాడలేదు. చెట్టు మాట వినబడ్డా వినబడనట్టుండటం దీవుల్లో మర్యాద. గార్డులు మాత్రం పొద్దస్తమానం చెట్ల మధ్య తిరుగుతారు గనక, చెట్లతో మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరు.

"ఏం జాతి, కూర్మారావ్?" అన్నారు రేంజరుగారు.

"తెలీదండి."

"మన దీవిదేనా?"

"కాదండి. టెక్కలి దగ్గర."

"బయటి జాతి," అని తలూపారాయన. "నాటిందెప్పుడు?"

"మొన్న మాఘమాసంలో అండి. అన్నవరంలో."

నీలవేణి ఇక ఊరుకోలేకపోయింది. "అయ్యగోరూ, నాను ఆడమనిసినండి. కడుపుతో ఉన్నానండి. బిడ్డ అడ్డం తిరిగున్నాదండి. ఈ ఓడెక్కకపోతే నాకు దక్కదండి," అంది. జెట్టీ అంతా విన్నది. విన్నవాళ్ళు సముద్రం కేసి చూశారు. రేంజరుగారు కూడా సముద్రం కేసి చూసి, "ఏమంటోంది?" అని కూర్మారావుని అడిగారు.

"కాయ మీదుందంటందండి. ఆవలొడ్డుకెళ్ళాలంట."

"కాయ మీదున్న చెట్టుని కదపకూడదయ్యా. నీకు నేను చెప్పాలా?"

"పిట్టపిల్ల ఎగిరిపోయాకైనా ఒగ్గీస్తారా అని అడుగుతందండి."

నీలవేణి ఆ మాట అడగలేదు. కూర్మారావే అడిగాడు, పెళ్ళాం పేరు మీద. రేంజరుగారికది అర్థమైనట్టే ఉంది. అతని భుజమ్మీద చెయ్యి వేసి, "కూర్మారావ్, నీ సర్వీసులో ఎప్పుడైనా చూశావా, పిట్ట ఎగిరిపోయిందని చెట్టు చెట్టు కాకుండా పోవడం?" అని అడిగారు. కూర్మారావు ఆలోచించి, లేదండి అన్నాడు. అతను అబద్ధమాడేరకం కాదు.

అప్పటికి ఓడ వచ్చి ఆగింది. నీలవేణి కాళ్ళు ఆమె కాళ్ళే, కట్టేసినవాడు ఎవడూ లేడు. ఓ చేత్తో పొట్ట పట్టుకుని, భుజమ్మీద గుడ్డుతో, నడుచుకుంటూ నిచ్చెన దాకా వెళ్ళింది. ఆమెకి అడ్డం ఎవరూ రాలేదు. లైను దానంతటదే పక్కకి వాలి ఆమెకి చోటిచ్చి మళ్ళీ సర్దుకుంది. రేంజరుగారు వెనకనుంచి చూసి, చెట్టు కదలదు గనక జెట్టీయే కాస్త ఇవతలికి జరిగినట్టుందనీ, జెట్టీ జరగడం రేవు శాఖవాళ్ళు చూసుకోవలసిన పని అనీ అన్నారు. ఆయన అన్నదాన్లో ఎగతాళి లేదు. ఆయన నిజంగానే రేవు శాఖకి కబురు పంపించారు, జెట్టీ కాళ్ళు వదులయ్యాయేమో చూడమని.

నిచ్చెన మొదట్లో ఓడ నడిపే సరంగు పోలయ్య ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఈ దీవులకి మనుషుల్నీ మేకల్నీ బియ్యం బస్తాల్నీ తెచ్చి దింపుతున్నవాడు. నీలవేణిని పెళ్ళికూతురుగా దింపింది కూడా అతనే.

"సరంగు మావా, నన్నెక్కించుకో," అంది నీలవేణి.

పోలయ్య ఆమె మొహం చూశాడు, భుజం చూశాడు, మళ్ళీ మొహం చూడలేదు. కూర్మారావుతో అన్నాడు: "మనిసికైతే టిక్కెట్టు కొడతాను. మేకకైతే సీటీ రాసిస్తాను. సెట్టుని ఎక్కించాలంటే కొట్టిన సెట్టై ఉండాల. కొట్టడానికి ఒప్పుకున్నట్టు మొదలు కాడ రేంజరుగారి సుత్తి ముద్ర పడుండాల. అప్పుడైనా పైన కాదు, కింద కలపతో పాటే. నిలబడున్న సెట్టుని ఎక్కిస్తే ఆవలొడ్డున నన్ను దింపనివ్వరు బాబూ."

కూర్మారావు రేంజరుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఇది మాత్రం ఒప్పుకోవాలి, పరిగెత్తాడు. చెట్టుని కొట్టినట్టు రాసి సుత్తి ముద్ర వేసెయ్యండి, కింద కలపతో పాటు పడుకునైనా వెళ్ళిపోతుంది అని కాళ్ళా వేళ్ళా పడ్డాడు. ఆయన బాధపడ్డారు. గుడ్డున్న చెట్టుని కొట్టడానికి వీల్లేదు. పోనీ గుడ్డు లేకపోయినా, కొట్టిన కలపని ఆవలొడ్డున వేలం వేస్తారు, పాడుకున్నవాడు పట్టుకుపోతాడు. "అప్పుడు నువ్వు వేలంలో పాడుకోవాలి, కూర్మారావ్. శాఖ ఉద్యోగి వేలంలో పాడకూడదు," అన్నారు. ఎటు తిప్పినా కుదరలేదు.

ఈలోగా ఓడలోంచి అతిథులు దిగారు. వాళ్ళల్లో హైదరాబాదాయన ఒకరు, చేటంత టోపీ పెట్టుకుని, మోచేయంత పొడుగు కెమెరాతో, దిగీ దిగగానే నీలవేణి భుజమ్మీద గుడ్డు చూసి నిలువునా నిలబడిపోయారు. ఇంత దగ్గర్నుంచి గుడ్డు చూడ్డం ఆయన జన్మలో ఇదే మొదలట. కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీసుకుంటూ, "ఈ మొహం ఫ్రేములోకొచ్చేస్తోందండీ, కాస్త పక్కకి వంచుతారా? కొమ్మ విరగదు కదా?" అని కూర్మారావుని అడిగారు. మర్యాదస్థుడు, అడక్కుండా చెయ్యి వెయ్యలేదు. కూర్మారావు నీలవేణి గడ్డం పట్టుకుని మొహాన్ని మెల్లగా అటు తిప్పాడు. ఆ చెయ్యి ఆమెకి బాగా తెలిసిన చెయ్యే. అందుకే ఒళ్ళు జలదరించింది.

ఓడ కూత వేసింది. అప్పుడు నీలవేణి భుజం ఎగరేసింది. కావాలనే ఎగరేసింది. గుడ్డు దొర్లి, జెట్టీ పలక మీద పడి పగిలింది. పచ్చసొన చెక్కల సందుల్లోంచి నీళ్ళల్లోకి జారింది. అమ్మయ్య, చూశారు కదా, గుడ్డు లేదు, ఇక నన్ను తిట్టండి, కొట్టండి, జైల్లో పెట్టండి, ఆవలొడ్డు జైలైనా పరవాలేదు అని నీలవేణి ఎదురుచూసింది. దీవుల్లో తెల్లపిట్ట గుడ్డు పగలగొడితే శిక్ష చాలా పెద్దది, ఆ సంగతి ఆమెకి తెలుసు.

"గాలి," అన్నారు రేంజరుగారు.

"గాలేనండి," అన్నాడు లైన్లో వెనకున్నాయన. ఆ పూట గాలనేదే లేదు, ఓడ జెండా పాత చీరలా వేలాడుతోంది. అయినా అందరూ గాలి ఎక్కువగా ఉందని ఒప్పుకుని పైపంచెలు గట్టిగా పట్టుకున్నారు. మరి చెట్టు మీంచి గుడ్డు పడిందంటే గాలికి పడాలి. చెట్టు తనంతట తను పడేస్తుందా? చెట్టుకి కోపాలుంటాయా? శిక్ష వెయ్యడానికి మనిషంటూ ఉండాలి కదా. నీలవేణి నిలబడ్డచోటే నిలువునా చల్లబడిపోయింది. కూర్మారావు గొంతుక్కూర్చుని గుడ్డు పెంకులు కొబ్బరాకులోకి ఎత్తుతూ ముక్కు చీదాడు. పోలయ్య నిచ్చెన లాగించేశాడు. ఎప్పటికంటే చాలా ఎక్కువసేపు కూత కూయించాడు పాపం. అతను చెయ్యగలిగింది అదే.

ఆ సాయంత్రం నీలవేణి ఇంటికెళ్ళింది. అత్త సింహాలమ్మ గుమ్మంలో చేటలో బియ్యం ఏరుకుంటోంది. కోడలు వస్తుంటే చూసి లేచి, తలుపు దగ్గరికి వేసి, దాని ముందు నిలబడింది.

"అత్తా, నానే," అంది నీలవేణి.

"కూర్మా," అని కేకేసింది సింహాలమ్మ కొడుకుని. "ఇంట్లో సెట్టు మొలిస్తే గోడలు పగుల్తాయిరా. మీ నాన్న కట్టించిన ఇల్లు." ఆ మాటంటున్నప్పుడు ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. కోడలంటే ఆవిడకి ప్రేమే. ప్రేమ లేకపోతే మర్నాడు పొద్దున్నే గంజి కాచి, ఉప్పేసి, చల్లార్చి జెట్టీ దాకా ఎందుకు మోసుకొస్తుంది? తీరా వచ్చి ఆ గంజంతా నీలవేణి పాదాల దగ్గర ఇసకలో పోసింది. చెట్టుకి మొదట్లో పొయ్యాలి గాని నోట్లో పోస్తారా ఎవరైనా? నీలవేణి గంజి ఇసకలోకి ఇంకిపోవడం చూస్తూ నిలబడింది. ఆకలికి కడుపులో బిడ్డ తన్నింది, అడ్డంగానే.

ఎందుకు అక్కడే నిలబడిందని మీరడగొచ్చు. ఇంకెక్కడ నిలబడాలి? మరియమ్మ గుమ్మానికెళ్తే ఆరోగ్యకేంద్రంలోకి చెట్లని రానివ్వరు. బజారుకెళ్తే దుకాణంవాళ్ళు ఆమె మీదుగా పక్కవాళ్ళతో మాట్లాడతారు. జెట్టీ పక్కన ఇసకలో నిలబడితే కనీసం కూర్మారావు వస్తాడు. మధ్యాహ్నం డ్యూటీ మీద వచ్చి, చుట్టూ చూసి, పురుగుల మందు కొడుతున్నట్టు అటూ ఇటూ తిరిగి, చేతిలో ముద్ద చటుక్కున ఆమె నోట్లో పెట్టేవాడు. ఆమె నమిలేదాకా అడ్డం నిలబడేవాడు.

పట్టీ కూడా అతనే వేశాడు. సున్నంలో బంక కలిపి, ఒరుసుకోకుండా కొబ్బరినూనె బొట్టేసి, కొత్త కుంచెతో, మడమల మీంచి పిక్కల దాకా తెల్లగా పూసి, దాని పైన జాజు పట్టీ తీర్చాడు. ఒక్క చుక్క కిందికి కారనివ్వలేదు. "సల్లగా ఉన్నాదేటి?" అని అడిగాడు. అంత బాగా ఏ చెట్టుకీ వెయ్యలేదు అతను. రేంజరుగారు చూసి మెచ్చుకున్నారు.

"బావా, నన్నెత్తుకుని పడవలో ఎక్కించుకో. తెడ్డేసుకుని పోదాం," అంది నీలవేణి.

కూర్మారావు కుంచె కడుగుతూ, "సెట్టుని దొంగతనంగా తరలించినోణ్ణి ఏటంటారో తెలుసా?" అన్నాడు. "నానే కదే పట్టుకోవాల అలాటోళ్ళని." కళ్ళు తుడుచుకున్నాడు. తడి కుంచె పట్టుకున్న చేత్తోనే తుడుచుకున్నాడేమో, చెంప మీద సున్నం చార పడింది.

మరియమ్మ రోజూ ఎండ దిగాక వచ్చేది. ఆరోగ్యశాఖ మనిషి చెట్టుకి వైద్యం చేస్తే ఉద్యోగం పోతుంది గాని, చెట్టు కింద కూర్చుంటే ఎవరేమంటారు? వచ్చి నీలవేణిని తనకి ఆనించుకుని కూర్చోబెట్టేది. ఎవరైనా చూస్తే కొమ్మ వంగిందనుకునేవాళ్ళు. అలసిపోయినదానిలా కళ్ళు మూసుకుని, కొంగు చాటున పొట్ట మీద చేతులు పెట్టి, తలెక్కడుంది, కాళ్ళెక్కడున్నాయి అని వెతికి, బిడ్డని తిప్పడానికి తంటాలు పడేది. ఓ రోజు కాస్త తిరిగినట్టే తిరిగింది. మర్నాటికి మళ్ళీ అడ్డం పడుకుంది. "అమ్మా, ఇది నా చేతుల్లో లేదు," అనేది మరియమ్మ. అనేసి, లేచి చీర దులుపుకుని వెళ్ళిపోయేది. ఆవిడకీ ముగ్గురు పిల్లలున్నారు, ఆ ఉద్యోగం మీదే బతకాలి.

పిట్ట వచ్చేది రోజూ. ఖాళీ భుజమ్మీద వాలి, ఒకప్పుడు గుడ్డుండి ఇప్పుడేమీ లేని చోట, గుడ్డున్నట్టే కూర్చునేది. దాని ఒంటి వెచ్చదనం మెడకి తగిలేది. మొదట్లో నీలవేణికి దాన్ని చూస్తే కసి పుట్టేది, నీ మూలాన్నే కదే నాకీ గతి అని. తర్వాత కసి కూడా తగ్గింది. దీవి మొత్తం మీద తనని ముట్టుకోవడానికి వెనకాడని ప్రాణి అదొక్కటే.

నొప్పులు ఓ మధ్యాహ్నం, కుండపోత వానలో మొదలయ్యాయి. నీలవేణి అరిచింది. జెట్టీ మీద వలలు ఎత్తుకుంటున్నవాళ్ళందరికీ వినబడింది. గాలికి కొమ్మలు రాసుకుంటే ఇలాగే చప్పుడొస్తుందని ఒకరితో ఒకరు చెప్పుకుని, వలలు తీసుకుని వెళ్ళిపోయారు. మరియమ్మ మాత్రం వచ్చింది. ఉద్యోగం సంగతి ఆ పూట మర్చిపోయిందో ఏమో, అందరూ చూస్తుండగానే మోచేతుల దాకా చేతులు పెట్టింది. కూర్మారావు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపైందో ఎవరూ చెప్పలేరు. నీలవేణి బతికింది. బిడ్డ ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని, వీపు తట్టి, నోట్లో వేలు పెట్టి, ముక్కులో ఊది, మరియమ్మ చెయ్యాల్సినవన్నీ చేసింది. ఆడపిల్ల. నెత్తి నిండా జుట్టు.

"రిజిస్టర్లో రాయాలి కదా, ఏం రాయను?" అంది మరియమ్మ చివరికి. "బిడ్డ పోయిందని రాయాలంటే తల్లి పేరుండాలి."

వానలోనే రేంజరుగారు వచ్చారు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఆ తర్వాత, ఈ రోజుల్లో పిందెలు రాలడం మామూలేననీ, బయటి జాతి ఈ నేలకి అలవాటు పడాలంటే టైము పడుతుందనీ కూర్మారావుకి ధైర్యం చెప్పారు. సెలవు అడిగితే మాత్రం, చనిపోయినవాళ్ళు నీకేమవుతారు అన్న గడిలో ఏం రాయాలో ఆయనకీ తోచలేదు. సెలవు ఇవ్వలేదు. కూర్మారావు బిడ్డని తన చొక్కాలో చుట్టాడు. ఎక్కడ పెట్టాలని అటూ ఇటూ చూస్తుంటే, సింహాలమ్మ గట్టు మీద నిలబడి, "సెట్టు మొదట్లోనే పెట్టీరా. దానికి బలం," అంది. అతను నీలవేణి పాదాల దగ్గర ఇసక తవ్వాడు. ఆమె చూస్తూనే ఉంది. కళ్ళు మూసుకోవాలని కూడా తోచలేదు.

వాన వెలిశాక ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. చెట్టుతో మాట్లాడకూడదు గనక ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నారు.

"తొలి కాపు కదా, నిలబడదు."

"ఏడిస్తే వొస్తాదేటి? సెట్టు గట్టిదే. వొచ్చే ఏటికి మళ్ళీ కాస్తాది."

"ఈసారి మగపిల్లడే సూడు."

ఆ చివరిమాట అన్నావిడ నాలిక్కరుచుకుంది, చెట్టుకి మగపిల్లాడేమిటని.

నీలవేణి ఆ మాటలన్నీ విన్నది. ఆమె ఇవి విన్నది ఇదే మొదలు కాదు. టెక్కలిలో వాళ్ళమ్మకి ఓ బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు, వాకిట్లో చాప మీద కూర్చుని ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఇవే మాటలన్నారు. గట్టిదేనని అన్నారు, మళ్ళీ కాస్తుందని అన్నారు. వాళ్ళమ్మ భుజమ్మీద ఏ పిట్టా గుడ్డు పెట్టలేదు. ఆవిడ మనిషే. ఆ మాటలు విని వాళ్ళమ్మ లేచి, చెంబుడు నీళ్ళతో మొహం కడుక్కుని, అందరికీ అన్నం వేళైందని పొయ్యి మీద ఎసరు పెట్టింది.

పిట్ట వచ్చింది. మొహానికెదురుగా గాల్లో కాసేపు ఆగి చూసి, ఎడమ భుజమ్మీద వాలి, కుదురుగా సర్దుకుని, మళ్ళీ ఓ గుడ్డు పెట్టింది. ఆడవాళ్ళు సంతోషంగా చూసి, ఇళ్ళల్లో పనులున్నాయని లేచారు. నీలవేణి గుడ్డు దొర్లిపోకుండా భుజం సమంగా పెట్టుకుని నిలబడింది.